పన్నెండున్నర

నీలం నీళ్లలో నా రక్తపు బొట్టు మునగలేదు, అలాగని వెంటనే తేలనూ లేదు, మధ్యలో ఒక్క క్షణం ఆగి, వెళ్లాలా వద్దా అని ఆలోచించుకుని, మెల్లగా పైకి వచ్చింది. మునిగితే రక్తం చిక్కగా ఉన్నట్టు, తీసుకోవచ్చు అని ముందే చెప్పిన బ్లడ్ బ్యాంక్ అమ్మాయి సుమన ఆ బొట్టును చూసి, నన్ను చూసి, "జర అనుమానముంది అక్కా, మిషన్ల పెట్టి చూస్త, గంట పడ్తది, గా బెంచీ మీద కూసో" అంది. కూర్చున్నాను. రక్తంలో హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉండాలట. తగ్గితే నా రక్తం తీసుకోరు, నా రక్తం తీసుకోకపోతే రేపు పొద్దున నా చెల్లెలు షాజియాకు ఆపరేషన్ లేదు. అమ్మ నా పక్కనే కూర్చుని తస్బీ తిప్పుతోంది, పెదవులు కదులుతున్నాయి, ఒక్కో పూసకూ ఒక్కోసారి నా మోచేతి మడత వైపు చూస్తోంది, నా మొహం వైపు కాదు. అమ్మకు తెలియనిది, ఈ నాగర్‌కర్నూల్ దవాఖాన మొత్తంలో నాకొక్కదానికే తెలిసినది ఒకటుంది. నాకు రక్తం పట్టాలని ఆమె తొమ్మిది శుక్రవారాలు వండి పంపిన కలేజి కూరలో, మేక కార్జం కూరలో, ఒక్క ముక్క కూడా నా నోట్లోకి పోలేదు.

ఎలా మొదలైందీ ఇది? ఎండాకాలంలో, గద్వాలలో కాపురమున్న షాజియాకు గర్భసంచిలో గడ్డలని తేలినప్పుడు. నెలకు పదిహేను రోజులు రక్తం పోయి పోయి మనిషి సున్నం కొట్టిన గోడలా అయింది. బడి కార్డు నుంచి కాన్పు కార్డు దాకా అన్నిటి మీదా ఓ పాజిటివ్ అనే రాసి ఉంది, తీరా రక్తం ఎక్కిద్దామని చూస్తే ఏ ఓ పాజిటివ్ రక్తమూ ఆమె రక్తంతో కలవలేదు. ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది, ఇది బాంబే గ్రూపు, పదివేల మందిలో ఒక్కరికి ఉంటే ఉంటుంది, వేరే రక్తం ఎక్కిస్తే ప్రాణమే పోతుంది, రెండు సీసాలు చేతిలో ఉంటే గాని నేను కత్తి పట్టను అని. మా అబ్బ నబీ సాబ్, ఇటిక్యాలలో దూది ఏకి పరుపులు కుట్టే మనిషి, డాక్టర్ల ముందు నోరు తెరవనివాడు, ఆ రోజు తెరిచాడు. "బొంబాయికి వలస పోయింది మా తాత మేడం, పిల్ల పాలమూరు దాటలె, దీనికెట్ల అంటుకున్నది?" డాక్టరమ్మ నవ్వలేదు, మంచిది. అది బొంబాయి నుంచి అంటుకునేది కాదనీ, మొదట అక్కడ కనిపెట్టారు కాబట్టి ఆ పేరనీ, తల్లిదండ్రులిద్దరి వైపు నుంచీ దాక్కుని వస్తుందనీ చెప్పి, మీరిద్దరూ చుట్టాలా అని అడిగింది. చుట్టాలేమిటి, మేనత్త మేనమామ పిల్లలు. అందరి వేళ్లూ పొడిచారు. అమ్మది కలవలేదు, అబ్బది కలవలేదు, కలిసింది నాది. ముప్పై ఆరేళ్లు నేను కూడా ఓ పాజిటివ్ అనుకుంటూ బతికాను.

అమ్మ ఆ రోజు నన్ను గట్టిగా పట్టుకుంది. నా నికా అయ్యి వనపర్తికి బండెక్కిన రోజు పట్టుకుంది, మళ్లీ ఆ రోజే. పధ్నాలుగేళ్లు మధ్యలో. ఆమె కొంగులో అదే పసుపు, పొయ్యి పొగ, దూది దుమ్ము వాసన, నేను కళ్లు మూసుకున్నాను, చిన్నపిల్లలా ముక్కు ఆమె మెడలో పెట్టాను, అప్పుడు ఆమె నా చెవిలో అంది, "నా షాజియా బతికింది." అంతే. నా షాజియా. చేతులు నా చుట్టూ ఉన్నాయి, మాట నన్ను దాటుకుని గద్వాలకు పోయింది. ఆ రక్తం నాలో కూడా ఉంది కదా, రేపు నాకేమైనా అయితే నాకెవరిస్తారు అని అక్కడున్న వాళ్లలో ఒక్కరికీ తోచలేదు. నాకు రెండు కాన్పులయ్యాయి. మా ఆయన ఇమ్రాన్ స్కూటీ మీద నుంచి పెబ్బేరు దగ్గర పడి నా తల పగిలింది ఒకసారి. అప్పుడు ఎవరైనా ఓ పాజిటివ్ సీసా తగిలించి ఉంటే? అల్లా కాపాడాడు, అమ్మ కాదు. పదివేల మందిలో ఒక్కదాన్ని నేను కూడా, కాని మా ఇంట్లో అరుదైన రోగి షాజియా, నేను సీసాను.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని అబ్బ మమ్మల్ని చూసి నవ్వేవాడు. ఆ కొమ్ములు ఎంత వాడివో పీర్ల పండుగనాడు చూశాను. షాజియాకు నాలుగేళ్లు, ఆ ఏడు జ్వరాలతో చిక్కిపోతే అమ్మ పీరుకు మొక్కుకుంది, పిల్ల బతికితే ఫకీరును చేస్తానని. ఆకుపచ్చ కుర్తా, మెడలో ఎర్రదారాలు, నుదుట ఊదు బూడిద. అయిదిళ్లు అడుక్కోవాలి. ఇంటింటా ఆడవాళ్లు బయటికొచ్చి దాని బుగ్గలు పుణికి, దిష్టి తీసి, జోలెలో చక్కెర, రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద, చిల్లర వేశారు. జోలె ఎవరు మోశారు? నేను. ఎనిమిదేళ్ల దాన్ని, పాత గౌనులో, దాని వెనక. మూడో ఇంటి దగ్గర నేను కూడా చేయి చాపాను. అమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది, "నీకేం రోగమే, గుండ్రాయి లెక్కుండి!" అంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వే రావాలి, ఇరవై ఎనిమిదేళ్లయింది, ఇద్దరు పిల్లల తల్లిని, నవ్వు మాత్రం రాదు. గుండ్రాయికి ఏం పెడతారు ఎవరైనా? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, అడిగితే పెట్టింది ఇది.

ఫ్యాను కిర్రుమంటోంది. స్పిరిట్ వాసన. ఎదురు బెంచీ మీద ఏసురత్నం అరటిపండు ఒలుస్తున్నాడు. రెండో సీసా ఈయనది. వీపనగండ్ల రైతు, పల్లి వేస్తాడు, డాక్టరమ్మ వాళ్లు ఎక్కడెక్కడికో ఫోన్లు చేస్తే దొరికాడు, పొద్దున బైకు మీద వచ్చి పావుగంటలో రక్తమిచ్చి, చేతికి పట్టీతో కూర్చున్నాడు. కర్నూలులో ఒకసారి, రాయచూరులో ఒకసారి ఇచ్చాడట, జేబులో కార్డు పెట్టుకుని తిరుగుతాడు. "మావోల్లది గూడ మేనరికమే చెల్లె. మనం ఈ దిక్కు నలుగురైదుగురమే ఉంటం. ఒకరికొకరం గాకుంటే ఎట్ల?" అన్నాడు నాతో. మనం అన్నాడు. నాకు ఆ మాట ఎక్కడో తీయగా తగిలింది, అయితే అంతలోనే అమ్మ లేచి ఆయన ముందు నిలబడి, నేను రక్తమిచ్చాక తినడానికని తెచ్చిన డబ్బా మూత తీసి, "తిను కొడుకా, నీ కాళ్లు మొక్కినా నీ రుణం తీరదు" అంటూ రొట్టె ముక్క తుంచి కలేజి అద్ది తన చేత్తో ఆయన నోటికి అందించింది. ఆయన సిగ్గుపడి, "నేను తింట తియ్యమ్మా" అని చేతిలోకి తీసుకున్నాడు. కొడుకా! పొద్దున తొమ్మిదింటికి కలిసిన మనిషి. మిరియాలు, ఎక్కువ ధనియాలు, చివర్లో పిండిన నిమ్మకాయ, తొమ్మిది వారాలు నేను మూత తీయకుండా దానం చేసిన కూర వాసన అంతా ఒక్కసారి నా ముక్కుకు తగిలింది, నోట్లో నీళ్లూరాయి, ఆయన్ను లాగి అవతల పారేయాలనిపించింది.

శుక్రవారాలు. షాజియాకు ఐరన్ ఇంజెక్షన్లు, నాకు ఐరన్ గోలీలు అని రాశారు, నాది అప్పటికి పదకొండే ఉంది. గోలీలతో ఏమవుతుందని అమ్మ తన వైద్యం మొదలుపెట్టింది. తెల్లారి కోసిన మేక కలేజి తెచ్చి, వండి, డబ్బాకు గుడ్డ కట్టి, ఇటిక్యాల నుంచి ఆటోలో ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చి, వనపర్తి బస్సు ఆపి కండక్టర్ చేతికిచ్చేది. నాకు ఫోను, "బస్సు నెంబరు రాసుకో, మూడో సీటు కింద పెట్టిండు, జుమ్మా నమాజు ఇడిసేసరికి వస్తది." పెళ్లయ్యాక ఒక్కనాడూ నాకు ఒక్క డబ్బా పంపని అమ్మ. మొదటి శుక్రవారం బస్టాండులో ఆ డబ్బా వెచ్చగా చేతికందినప్పుడు ఎంత సంబరపడ్డానో, ఇంటికొచ్చి అన్నం తినే దస్తరు గుడ్డ పరిచి కూర్చుని మూత మీద చేయి పెట్టాను కూడా. ఫోను మోగింది. "తిన్నవా? మొత్తం తినాలె, పిల్లలకు పెట్టకు, ఇమ్రాన్‌కు పెట్టకు, ఒక్కొక్క ముక్క షాజియాకు రక్తమైతది." చేయి తీసేశాను. పక్కింటి అమృతమ్మను పిలిచి, మా అమ్మ పంపింది తినమ్మా అని డబ్బా ఆమె చేతిలో పెట్టాను. అమృతమ్మ మళ్లీ శుక్రవారం తనే గోడ దగ్గర నిలబడింది. ఈ తొమ్మిది వారాల్లో ఆమె బుగ్గలు నున్నబడ్డాయి, మోకాళ్ల నొప్పులు తగ్గాయంటోంది. ఐరన్ గోలీలు కరివేపాకు కుండీలోకి పోయాయి. డబ్బా మాత్రం బూడిదతో తళతళా తోమి తిరుగు బస్సులో పంపేదాన్ని. ఒక్కసారి తిందాం, ఈ వారం తిందాం అనుకుంటూనే ఉన్నాను, ప్రతి శుక్రవారం ఆ ఫోను వచ్చేది, ప్రతిసారీ షాజియా పేరే వచ్చేది. చెల్లెలు చావాలని కాదు. యా అల్లా, అది కాదు. నా ఒంట్లోకి పోయేది నాకోసం పోవాలి, ఒక్క ముక్కైనా.

ఇంక ఇరవై నిమిషాలు. సుమన గాజు తలుపు వెనక ఏదో రాసుకుంటోంది. ఆపరేషన్ తర్వాత నలభై రోజుల ఏర్పాట్లు కూడా అయిపోయాయి అక్కడ ఇటిక్యాలలో. బరువెత్తకూడదు, వంగకూడదు, మెట్లెక్కకూడదు. అమ్మ గదికి సున్నం వేయించింది, కిందికి దిగితే కుట్లు లాగుతాయని ఎత్తు మంచం చేయించింది, అబ్బ కొత్త దూది తెచ్చి తన చేత్తో ఏకి పరుపు కుట్టాడు, అంచులు రెండు వరసలు. నా కాన్పులప్పుడు పాత పరుపు తిరగేసి వేశారు. ఇరవయ్యో రోజున వనపర్తికి పంపేశారు, ఇమ్రాన్‌కు వంట ఇబ్బంది అని. అమ్మ ఇప్పటిదాకా నా ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు, గద్వాలలో మాత్రం షాజియా ఇంట్లో ఆమెకు ఒక దిండు, ఒక చెంబు, నమాజుకు ఒక జానమాజ్ విడిగా ఉన్నాయి. ఇవన్నీ లెక్కపెట్టుకోవడం నీచమని తెలుసు. నీచమని తెలిసినంత మాత్రాన ఆగిపోతుందా?

చక్రాల కుర్చీ చప్పుడు. చెల్లెలి మొగుడు ఫహీమ్ తోసుకొస్తున్నాడు, షాజియాను రేపటి ఆపరేషన్ కోసం పరీక్షలకు కిందికి తెచ్చారు. వేళ్లకు గోరింటాకు గీకి గీకి తీయించారు, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడితే సరిగ్గా చూపదని. ఆ వేళ్లు ఎంత సన్నబడ్డాయో. నన్ను చూసి నవ్వింది, అంత పాలిపోయినా ఆ నవ్వు బాగుంది, దానికీ నాకు ఒళ్లు మండింది. ఫహీమ్‌ను నీళ్లకు పంపి, కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడి, నా చెవి దగ్గరకు వంగింది. "అక్కా, ఎనక చూస్తవా?" చిన్నప్పుడు బడికి పోయే ముందు అడిగేది ఇలాగే, ఎవరినీ కాదు, నన్నే, అమ్మను కూడా కాదు. చూశాను. లేత పసుపు సల్వారు మీద అరచేయంత మరక, కుర్చీ గుడ్డ మీద కూడా. "ఏం లేదు, జర అంతే" అని నా చున్నీ తీసి దాని నడుముకు చుట్టాను. పట్టుకున్న నడుములో ఎముకలే తగిలాయి. అది నా భుజం మీద బరువంతా వేసి, "రేపటితో అయిపోతది కదా అక్కా. ఇగ నాతోని కాదు" అంది.

తలుపు తెరుచుకుంది. "పదకొండు పాయింట్ రెండు" అంది సుమన, కాగితం చూస్తూ. "రక్తం తీసుకోరాదు అక్కా. డాక్టరమ్మకు ఫోన్ చేసిన, ఒక్క సీసతోని ఆపరేషన్ చెయ్యనన్నది. ఈ అన్న ఇచ్చింది ముప్పై అయిదు దినాలు నిల్వుంటది. ఇరవై దినాలల్ల నీది పన్నెండున్నరకు వస్తే ఇరవై ఒకటో దినం డేట్ ఇస్తమన్నది." షాజియా కుర్చీలో కూర్చుండిపోయింది. నేను అమ్మ వైపు చూడలేదు. అమ్మే వచ్చింది. తస్బీ బెంచీ మీద వదిలేసి, నా గడ్డం పట్టి పైకెత్తి, బొటనవేలితో నా కింది రెప్ప లాగి చూసింది, ఇంకో కన్ను కూడా లాగి చూసింది. "గిట్ల తెల్లగైనయేందే కండ్లు? తొమ్మిది వారాలు కలేజి తింటే గూడ ఎక్కలేదంటే నీకు లోపలేమో ఉన్నది. నాకు సోయి లేకపాయె బిడ్డా. నీది గూడ గదే రక్తం కదా, నీకేమన్నయితే ఎవరిస్తరే నీకు?" అరచేయి నా చెంప మీద ఉంది, గరుకుగా, వెచ్చగా. "నేను దీనెంబడి వనపర్తికి పోత. ఇరవై దినాలు దీని దగ్గర్నే ఉంట. షాజియాను ఫహీమ్ చూస్కుంటడు." షాజియా తల ఊపింది. "పో అమ్మా, అక్కను చూస్కో. ఎన్నడన్న చెప్పుకుంటదా ఆమె?" మంచితనంలో కూడా నాకంటే ముందే ఉంటుంది ఇది.

ముప్పై ఆరేళ్లుగా కావాలనుకున్న మాట, కావాలనుకున్న చేయి. నోరు మూసుకుంటే చాలు, నావే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. కాని ఆ చున్నీ మీదికి అప్పుడే ఎరుపు దిగుతోంది, ఇంకా ఇరవై రోజులు అది అలా దిగుతూ ఉండాలి, నా వల్ల, అది అక్కడే కూర్చుని నన్ను చూసుకొమ్మని అమ్మకు చెబుతోంది. ఆ చేయి నా చెంప మీద ఉండగా అబద్ధం మోయడం నా వల్ల కాలేదు. "నేను తినలే అమ్మా" అన్నాను. "ఒక్క ముక్క తినలే. గోలీలు గూడ మింగలే."

ఏసురత్నం తల వంచుకున్నాడు. అమ్మ చేయి తీయలేదు, తీయడం మరిచిపోయిందనుకుంటాను. "మరెవరికి పెట్టినవ్?" "అమృతమ్మకు." "అమృతమ్మకు" అంది అమ్మ. "ఎర్రవల్లి చౌరస్తాల ఎండల నిలబడి, ఒక్కొక్క కండక్టర్‌ను బతిమిలాడి పంపితే. అమృతమ్మకు." తర్వాత, "ఎందుకే?" అంది. ఆ ఎందుకేకు నా దగ్గర ముప్పై ఆరేళ్ల జవాబుంది, తీరా చూస్తే నోట్లోంచి వచ్చింది ఒక్క ముక్కే. "నాకు పంపినట్టు లేకుండె అమ్మా." అప్పుడు చేయి తీసింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది. బెంచీ మీద కూర్చుని చెప్పుల వంక చూస్తూ, చెమటో కన్నీరో కొంగుతో తుడుచుకుంది.

మాట్లాడింది షాజియా. నా వంక చూడకుండా, గోరింటాకు మరకలున్న గోళ్లు చూసుకుంటూ మాట్లాడింది. "నాకు గూడ కుళ్లుండె అక్కా. శుక్రవారం సూది ఏస్కోని వచ్చి ఒళ్లంత నొప్పులతోని అమ్మకు ఫోన్ చేస్తే ఎత్తకపోయేది. చౌరస్తాల ఉండేది. మల్ల తనే చేసి, మీ అక్కకు డబ్బా పంపిన, బస్సు దొరకలే, కండక్టర్ ఎసొంటోడో, చల్లారిపోతదో ఏమో, గిదే ముచ్చట. నేనెట్లున్ననో అడుగుడే మర్సేది. ఫోన్ పెట్టేసి ఏడ్చేదాన్ని." ఒక్క క్షణం ఆగి, "నువ్వు తింటున్నవనుకొని ఏడ్చిన" అంది. అమ్మ లేచింది. మొహంలో ప్రేమ లేదు, కోపం కూడా లేదు, చాలా పని మిగిలిపోయిన మనిషి మొహం అది. "నడువు. అయినా వస్త నేను. నిన్ను నమ్మి ఇడువ. నా ముంగట కూసోని తినాలె, మింగినంక నోరు తెర్సి సూపియ్యాలె, గోలీ గూడ." కాపలాకు వస్తోంది, నా ఇంటికి, మొదటిసారి, ఇరవై రోజులు. ఫహీమ్ నీళ్ల సీసాతో తిరిగొచ్చి, ఏం జరిగిందో తెలియక అందరి మొహాలూ చూస్తూ, కుర్చీ లిఫ్టు వైపు తిప్పాడు. షాజియా చేయి చాపి నా కొనవేళ్లు పట్టుకుంది. "తీస్కపో అక్కా అమ్మను" అంది. "ఇరవై దినాలైనంక మల్ల నాకియ్యి." ఇస్తానన్నాను. నిజంగానే ఇస్తాను, తింటాను, గోలీలు మింగుతాను, పన్నెండున్నర కాదు పదమూడు చేస్తాను. అంటూ ఉండగానే, అప్పటికే, ఆ ఇరవై ఒకటో రోజు మీద నాకు కోపం వచ్చింది.